ఏరు అడిగితే నీళ్ళివ్వండి

బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళం మనం. ‘ఏరి కోరి చేసుకున్నాడు’ అని పెళ్ళిళ్ళ గురించి చెప్పుకునేవాళ్ళం. ఏరు దాటాక తెప్ప తగలేసే చుట్టాల్ని ఇంటికొకరిని చొప్పున చూసినవాళ్ళం. కాబట్టి ‘ఏరు’ అనే మాట మీకెవరికీ కొత్త కాదు. కానీ దానికి ఇంకో అర్థం ఉంది, అది మాత్రం మీలో చాలామంది విని ఉండరు. ఏరు అంటే నీళ్ళు. పారే నీళ్ళొక్కటే కాదు సుమండీ. చెంబులో నీళ్ళు, బిందెలో నీళ్ళు, పప్పులో పోసే నీళ్ళు, జ్వరమొచ్చిన పిల్ల నోట్లో చెంచాతో పోసే నీళ్ళు, అన్నీ ఏరే.

ఇది మా చింతూరు చుట్టుపక్కల కోయవాళ్ళ ఇళ్ళలో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా వినిపించే మాట. చంటిపిల్లలు అమ్మ, అయ్య తర్వాత నేర్చుకునేది బహుశా ఇదే అయ్యుంటుంది. ఇంత చిన్న మాట గురించి ఇంత రాయడం ఎందుకంటారా? చదవండి, మీకే తెలుస్తుంది.

ముందు మా ఊరి సంగతి చెబుతాను. భద్రాచలం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు పోయే దారిలో, శబరి నది ఒడ్డున ఉంటుంది చింతూరు. రాజమండ్రి వైపు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగినా ఇక్కడికే వస్తారు. 2014 దాకా మేం ఖమ్మం జిల్లావాళ్ళం. పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయింది. నేను 2001లో ఇక్కడికి కాపురానికి వచ్చాను. మాది చిన్న కిరాణా కొట్టు, ఇంటి ముందు గదిలోనే. వచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు చెప్పారు: “అమ్మాయ్, సంతరోజు ఆడవాళ్ళు కొండల మీంచి ఎండలో నడిచొస్తారు. గుమ్మం దగ్గర నిలబడి ఏరు అన్నారంటే, ఏటికి దారి అడుగుతున్నారనుకుని అటు చెయ్యి చూపించేవు. చెంబుడు నీళ్ళు ఇయ్యి.” అత్తగారు చదువుకున్నది మూడో తరగతి. కానీ మా కొట్టుకి వచ్చే ప్రతి మనిషితోనూ వాళ్ళ మాటలో నాలుగు ముక్కలు మాట్లాడేవారు.

ఆవిడకి తెలిసిన ఈ ముక్క తెలియక ఒకసారి ఎంత పని జరగబోయిందో చెబుతాను. కొన్నేళ్ళ కిందట అత్తగారికి బీపీ మాత్రల కోసం ఒక ఆసుపత్రికి వెళ్ళాం. పేరెందుకు లెండి. వానాకాలం, విరేచనాల రోజులు, బల్లలన్నీ నిండి ఉన్నాయి. మా ముందు ఒక కోయ అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా ఉంటాయో లేదో, ఏడాదిన్నర పిల్లాణ్ణి చంకలో వేసుకుని నిలబడింది. పిల్లాడు ఏడవడం కూడా లేదు, తల వాల్చేశాడు. సిస్టరమ్మ అడుగుతోంది, ఈ అమ్మాయి తనకొచ్చిన తెలుగులో చెబుతోంది. “నిన్నటి నుంచి ఏరు తాగట్లేదమ్మా” అంది.

సిస్టరమ్మ ఏమందో తెలుసా? “మంచిదే. ఏటి నీళ్ళు అసలు తాగించకు. కాచిన నీళ్ళే పట్టు.” అని రెండు పొట్లాలు చేతిలో పెట్టి పక్కవాళ్ళని పిలిచింది. ఆ అమ్మాయి తలూపింది. సర్కారువాళ్ళు ఏం చెప్పినా తలూపడం అలవాటు మరి. తల్లి చెప్పింది పిల్లాడు అసలు నీళ్ళే పుచ్చుకోవడం లేదని. సిస్టరమ్మకి వినిపించింది వాగు నీళ్ళు తాగడం లేదని. ఒకటే మాట, ఒకటే తెలుగు వాక్యంలా ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు.

మా అత్తగారు, బల్ల చివర కూర్చున్న ఒక కోయ ముసలావిడ, ఇద్దరూ ఒక్కసారే లేచారు. “నీళ్ళమ్మా, నీళ్ళు! నీళ్ళే మింగట్లేదంటోంది” అన్నారు. ఆ సిస్టరమ్మని మాత్రం మెచ్చుకోవాలి. మరుక్షణం పిల్లాణ్ణి లాక్కున్నట్టు ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. సెలైను పెట్టారు, సాయంత్రానికి కళ్ళు తెరిచాడు. ఆవిడ కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి నెల కూడా కాలేదట. ఇక్కడ ఏరు అంటే నీళ్ళని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు, రాసిన కాగితమూ లేదు.

ఇక్కడ ఆగి మీకో ఆరోగ్యం మాట చెప్పాలి, ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళకైనా పనికొస్తుంది. విరేచనాలయ్యే పిల్లాడు ఎన్నిసార్లు వెళ్ళాడన్నదొక్కటే కాదు, నీళ్ళు తాగుతున్నాడా లేదా అన్నది ముఖ్యం. నీళ్ళు మింగలేకపోయినా, కళ్ళు గుంటలు పడినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళుతున్నా, మత్తుగా పడి ఉన్నా ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నీళ్ళు తాగగలిగే పిల్లలకైతే ఓఆర్ఎస్ పొట్లం ఒకటి, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేసి చిక్కగా కలిపేవాళ్ళున్నారు, అది తప్పు. కలిపింది 24 గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. పొట్లం దొరకని చోట లీటరు నీళ్ళకి టీ చెంచాతో అంచుకి సమంగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. గ్లాసుతో గటగటా పట్టించకుండా నిమిషానికో చెంచా చొప్పున పొయ్యండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకూడదు. జింకు మాత్రలిస్తే విరేచనాలు కట్టాయి కదా అని మధ్యలో మానెయ్యకుండా 14 రోజులూ వెయ్యాలి.

సరే, మళ్ళీ మన మాట దగ్గరికొద్దాం.

“వాళ్ళకి నీళ్ళకీ ఏటికీ తేడా తెలియదు, అందుకే అలా అంటారు” అని నవ్వేవాళ్ళని చూశాను. చదువుకున్నవాళ్ళే. ఏరు అనేది మన తెలుగు మాటేననీ, కోయవాళ్ళకి సరిగా పలకడం రాక తప్పుగా వాడుతున్నారనీ వాళ్ళ ఉద్దేశం. నాకు అదే వింతగా ఉంటుంది. మనం రోజూ ఏమంటున్నాం? “కుళాయి వచ్చిందా?” అంటాం. కుళాయి ఎక్కడికి పోయింది, రావడానికి! “ఇవాళ పంపు రాలేదు.” “మేం బోరే తాగుతాం.” మనకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తే దాని పేరే నీళ్ళకి పెట్టేశాం. వేల ఏళ్ళ కింద నీళ్ళంటే పారే ఏరే. అక్కణ్ణించి కుండతో తెచ్చుకున్నా అది ఏరే. ఆ అర్థం కోయ మాటలో నిలిచిపోయింది. మనవైపు పారేదానికి ఏరు అనే పేరు మిగిలి, ఇంట్లోకి వచ్చినదానికి నీళ్ళు అనే మాట స్థిరపడింది. ఇందులో తప్పెవరిది?

కోయ అనేది తెలుగులో ఒక యాస కాదండీ. అది వేరే భాష, గోండీకి దగ్గర బంధువు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో 4 లక్షల పైచిలుకు మంది తమ మాతృభాష కోయ అని చెప్పారు. స్టీఫెన్ టైలర్ అనే అమెరికా పండితుడు నది ఒడ్డు ఊళ్ళలో ఉండే గొమ్ము కోయల మాటకి వ్యాకరణం రాసి 1969లో అచ్చు వేయించాడు. అదే 1969లో మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు వైపు కొండదొరలు మాట్లాడే కొండ భాష మీద పెద్ద పుస్తకం వేశారు. భాషల చుట్టరికాలు తేల్చినవాళ్ళు చెప్పేదేమిటంటే తెలుగు, కోయ, గోండీ, కొండ, కువి ఇవన్నీ ఒక పొయ్యి దగ్గర పెరిగిన అక్కచెల్లెళ్ళు. తమిళం, కన్నడం పక్కింటి పెదనాన్న పిల్లల్లాంటివి. అంటే మనం సినిమాల్లో విని గుర్తుపట్టే తమిళం కన్నా మా కొట్టు ముందు వినిపించే కోయే తెలుగుకి దగ్గర. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు భలే ఆశ్చర్యమేసింది.

ఆ అక్కచెల్లెళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి మంచినీళ్ళు అడిగి చూడండి. ఆదిలాబాద్ గోండు ఇంట్లో ‘యేర్’ అంటారు. అరకు కొండ భాషలో ‘ఏరు’. కువి మాట్లాడేవాళ్ళు ‘ఏయు’ అంటారు. అన్నిచోట్లా నీళ్ళే. ఒక్క తెలుగు అక్కే దాన్ని ఊరి బయట పారే నీళ్ళకి వదిలేసింది. పెదనాన్న పిల్లలు కూడా అంతే. తమిళంలో నదిని ‘ఆఱు’ అంటారు, మన ఏరే అది. కేరళలో పెరియార్ నది ఉంది చూశారూ, దాని పేరుకి అర్థం పెద్ద ఏరు. తమిళనాడులో పాలారు అంటే పాల ఏరు. మన నదుల పేర్ల తోకలు కూడా గమనించండి. మున్నేరు, మానేరు, పాలేరు, పెన్నేరు. 2024 సెప్టెంబరులో విజయవాడలో ఇళ్ళల్లోకి వచ్చిన బుడమేరు. మాకు దగ్గర్లో అయితే సీలేరు. ఒడిశాలో మాచ్‌ఖండ్ అనే పేరుతో వచ్చి, మోతుగూడెం దగ్గర కరెంటు పుట్టించి, శబరిలో కలిసే నది. ఆ పేరు చివరనున్న ఏరుని కోయ పిల్లాడు వింటే నీళ్ళనే అనుకుంటాడు, మన పిల్లాడు నది అనుకుంటాడు. ఇద్దరూ సరిగ్గానే అనుకున్నట్టు.

తెలుగులో ఈ మాటకి ఇంకో తిరకాసు ఉంది. పాత నిఘంటువులు తీసి చూస్తే నది అర్థం వచ్చే ఏఱు బండి ఱ తో కనిపిస్తుంది. మామూలు ర తో రాసే ఏరు అంటే ఎడ్లు కట్టిన నాగలి. జ్యేష్ఠ పున్నమికి ఏరువాక అని ఎడ్లని అలంకరించి దుక్కి మొదలుపెడతారే, ఆ ఏరు నాగలిది, నదిది కాదు. బండి ఱ మన చేతిరాతల్లోంచి పోయాక రెండూ ఒక్కలాగే కనిపించి కలిసిపోయాయి. మా పిల్లకి చెబితే “అయితే ఏరువాకలో నీళ్ళు లేవా?” అంది. వానలు పడకపోతే నాగలి ఎలా కదుల్తుందే అన్నాను. అది వేరే విషయం.

ఇక రాళ్ళు ఏరడం, ఇప్పపువ్వు ఏరడం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇక్కడ ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందకి వెళతారు. రాత్రి రాలిన పువ్వుని ఎండెక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే పశువులూ ఎలుగులూ తినేస్తాయి. ఎండబెట్టి దాచుకుంటారు, అమ్ముకుంటారు. తాగడానికొక్కటే అనుకుంటారు బయటివాళ్ళు, కానీ ఎండిన పువ్వు ఉడకబెట్టుకుని తినడం కూడా ఉంది. ఆ ఏరడం తెలుగు మాటే, దానికీ నీళ్ళకీ సంబంధం లేదు. అయినా “ఏరడానికి వెళ్ళాం”, “ఏరుకి వెళ్ళాం” అని పక్కపక్కన వినిపిస్తుంటే కొత్తవాళ్ళు తికమక పడడంలో వింతేముంది?

తికమక ఒక్క వైపే ఉండదు. మన నీళ్ళ మాటలు వాళ్ళని తిప్పలు పెడతాయి. తెలుగు ఆడవాళ్ళం నీళ్ళతో ఎన్ని అర్థాలు చెబుతామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నీళ్ళు పోసుకోవడం అంటే స్నానం. నీళ్ళోసుకుంది అంటే కడుపుతో ఉంది. నీళ్ళాడింది అంటే పురుడు వచ్చింది. నీళ్ళు నమిలాడు, నీళ్ళు వదులుకున్నాడు, నీళ్ళు కారిపోయాడు. ఇక్కడ ఒకామె కొత్తగా పెళ్ళయిన కోయ పిల్లని “నీళ్ళోసుకున్నావా?” అని అడిగిందట. “పొద్దున్నే పోసుకున్నా” అని చెప్పిందట ఆ పిల్ల. చీటీలో కడుపుతో ఉన్నవాళ్ళ లెక్కలో రాసుకుని, ఆ తర్వాత నెలంతా ఆ ఇంటి చుట్టూ తిరిగిందని చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకునేదే గానీ, ఎదురుగా ఉన్న మనిషికి తెలుగు ఎంత వచ్చో చూసుకుని ‘ఎన్నో నెల?’ అని సూటిగా అడిగితే పోయేది కదా.

చిన్నపిల్లల విషయంలో మాత్రం నవ్వు రాదు. అంగన్‌వాడీలో కూర్చున్న మూడేళ్ళ పిల్ల “ఏరు, ఏరు” అని తలుపు వైపు చూపిస్తుంది. బయటి నుంచి వచ్చిన టీచరమ్మకి వాగు గుర్తొచ్చి గుండె ఝల్లుమంటుంది, తలుపు గడియ పెడుతుంది. గుమ్మం బయట అరుగు మీద నీళ్ళ కుండ ఉంది, పిల్ల దాన్నే చూపిస్తోంది. దాహం మీద ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంది. అలాంటి పిల్ల రేపు బడికి వచ్చి నోరు విప్పదు, ‘మొద్దు’ అని పేరు పడుతుంది. 2004 ప్రాంతంలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకి వాళ్ళ సొంత భాషలోనే చదువు మొదలుపెట్టాలని ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేయించారు. కోయ, గోండీ, కొండ, కువి, సవర, కొలామీ, లంబాడీ, ఆదివాసీ ఒరియా. అన్నీ తెలుగు లిపిలోనే. ఒకటో తరగతి సొంత మాటలో మొదలై మెల్లమెల్లగా తెలుగులోకి నడిపించే పద్ధతి. తల్లులు మెచ్చుకున్న పద్ధతి అది. ఏ బడిలోనైనా పుస్తకం ఉంటే టీచరు ఉండాలి, టీచరు ఉంటే ఆ మాట వచ్చి ఉండాలి. నా మటుకు నాకు కోయ వచ్చిన ఆయాకి కోయ రాని టీచరు కన్నా ఎక్కువ జీతం ఇవ్వాలనిపిస్తుంది!

2005 తర్వాత అవసరం ఇంకా పెరిగింది. ఆ ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలై ఊళ్ళు తగలబడినప్పుడు ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి ఇటు అడవుల్లోకి వచ్చాయి. ఇక్కడివాళ్ళు వాళ్ళని గుత్తికోయలు అంటారు. మా ఊరి కోయవాళ్ళకి తెలుగు ఎంతో కొంత వస్తుంది, తరాలుగా సంతల్లో కలిసి తిరిగినవాళ్ళు. వీళ్ళలో ఆడవాళ్ళకి మాత్రం చాలామందికి తెలుగు ముక్క రాదు. అలాంటి తల్లి ఆసుపత్రికి వస్తే ఆమె నోటి నుంచి మనకి అర్థమైనట్టు అనిపించే మాట ఏరు ఒక్కటే కావచ్చు. ఆ ఒక్కటీ తప్పుగా అర్థమైతే ఏమవుతుందో పైన చెప్పాను.

నీళ్ళ గురించి రాస్తూ నీళ్ళు తేర్చే సంగతి చెప్పకపోతే మా వైపు ఆడవాళ్ళు ఊరుకోరు. వానాకాలం శబరి నీళ్ళు టీ రంగులో వస్తాయి. చిల్లగింజ అని ఒక అడవి గింజ ఉంటుంది, గుండ్రంగా, బటాణీ కన్నా పెద్దది. దాన్ని మట్టి కుండ లోపలి గోడకి, అడుగున, గరగరలాడేలా నాలుగైదు నిమిషాలు అరగదీసి నీళ్ళు పోసి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి బురద అడుగుకి దిగిపోతుంది. పై నీళ్ళు వంచుకోవాలి. పటిక కూడా ఇదే పని చేస్తుంది, కానీ పటిక ఎక్కువైతే వగరు, చిల్లగింజకి ఆ బాధ లేదు. కోయ ఇళ్ళల్లోనూ, మా ఇంట్లోనూ ఇదే చేసేవాళ్ళం. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తేరిన నీళ్ళు కంటికి శుభ్రంగా ఉంటాయి, అంతే. క్రిములు పోవాలంటే ఆ తేరిన నీళ్ళని తెర్లాక కాసేపు మరగనిచ్చి, మూతపెట్టి అదే గిన్నెలో చల్లార్చుకోవాలి. తేర్చకుండా బురదనీళ్ళే కాచేస్తే కట్టెలు దండగ, రుచీ ఉండదు.

మా ఊళ్ళో ఏరుకి రెండు అర్థాలూ కలిసిపోయే రోజులు కొన్ని వస్తాయి. 1986 ఆగస్టు వరద గురించి అత్తగారు చెప్పగా విన్నాను. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది అప్పుడు. 2022 జులైలో కళ్ళారా చూశాను, 71.3 అడుగులు. గోదావరి పోటెత్తితే కూనవరం దగ్గర కలవాల్సిన శబరి కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది. అంటే మా మీదకి వచ్చే నీళ్ళు పైనుంచి రావు, కిందనుంచి వస్తాయి. అల ఉండదు, చప్పుడు ఉండదు. పెరట్లో తులసికోట మొదలు తడుస్తుంది, ఇంకో గంటకి గడప. కొట్టులో బియ్యం బస్తాలు అటక మీదకి ఎక్కించి, గ్యాసు బండ భుజాన వేసుకుని ఎత్తు ప్రాంతానికి పోయాం. ఆ రాత్రి చీకట్లో ఎవరో ‘ఏరొచ్చింది, ఏరొచ్చింది’ అని కేకలు పెడుతుంటే వాళ్ళు కోయలో అరుస్తున్నారో తెలుగులో అరుస్తున్నారో ఎవరూ ఆలోచించలేదు. నీళ్ళూ అవే, నదీ అదే. చుట్టూ అంత ఏరు ఉండి, తాగడానికి ఏరు లేక మూడు రోజులు పసిపిల్లలున్న తల్లులు పడ్డ అవస్థ చెప్పడానికి మాత్రం ఏ భాషా సరిపోదు. ట్యాంకరు వస్తే బిందెల కోసం కొట్టుకున్నాం, అందులో నేనూ ఉన్నాను.

పోలవరం నిండితే ఈ వైపు చాలా ఊళ్ళు ఉండవు. కొన్ని ఊళ్ళవాళ్ళు ఇప్పటికే వెళ్ళిపోయారు. కుక్కునూరు, వేలేరుపాడు వైపు వాళ్ళకి జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం ప్రాంతాల్లో పునరావాస కాలనీలు కట్టారు. వరుసగా ఒకే రంగు ఇళ్ళు, వీధికో కుళాయి. తరతరాలుగా నది ఒడ్డున బతికి, నదికీ నీళ్ళకీ ఒకే పేరు పెట్టుకున్నవాళ్ళు నది కనపడని చోటికి వచ్చారు. మా ఇంటికి అడ్డాకుల కట్టలు తెచ్చే ఆవిడ వాళ్ళ చెల్లెల్ని చూడ్డానికి అలాంటి ఒక కాలనీకి వెళ్ళొచ్చింది. ఎలా ఉందని అడిగాను. ఇల్లు బాగుంది అంది. ఏరు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వస్తుందట.

ఆ కాలనీల పక్క ఊళ్ళలో ఉండే అక్కచెల్లెళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో ఉంటారు. కూలికి వెళుతూనో, చీపుర్లు అమ్ముకుంటూనో ఒకామె మీ గేటు దగ్గర ఆగి, పెద్దగా మాట్లాడకుండా, ఏరు అంటుంది. ఫ్రిజ్ సీసా వెతకకండి, అంత చల్లటివి వాళ్ళకి పడవు, కుండలోవో బిందెలోవో చాలు. గ్లాసు కూడా వద్దు. పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకుని తాగుతారు, అలా తాగడానికి చెంబే వీలు. ఒక చెంబు తాగి ఆగితే ఇంకోటి కావాలా అని అడగండి, అడిగితే గానీ చెప్పరు.